తారు రోడ్డెక్కే ముందు

చాథం జెట్టీలో, బళ్లను ఎక్కించుకునే ఫెర్రీ కోసం నిలబడ్డ వరసలో ఒక పాత జీపు. స్టీరింగ్ ముందు పద్మిని, పక్క సీట్లో ఆమె తండ్రి గవరయ్య.

“క్లచ్చి మీంచి కాలు తియ్యి.”

“తీశాను నాన్నా.”

“తియ్యలేదు. తీసినట్టు తీసి మళ్లీ దాని మీదే పెట్టేవు. ఇంజిను ఆపీసి ఉంది, బండి నిలబడుంది, ఇంక క్లచ్చి మీద కాలెందుకే?”

“అలవాటు.”

“కారు తోలే అలవాటు. ఇది జీపు. బురదలో ఇలగే కాలు పెట్టుకు కూకున్నావంటే క్లచ్చి మాడి కంపు కొడతాది. కన్నారావు నమ్మి ఒక పూట బండిచ్చేడు. మాడ్చి తీసుకెల్తే ఆడి ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను?”

“ఇదిగో, చూడు. రెండు కాళ్లూ కింద. టైమెంత?”

“పన్నెండూ పది. ఐదు నిమిషాలకోసారి అడుగుతున్నావు.”

“వీరన్న గారికి నాలుగింటికే కదా ఫోన్ చెయ్యాలి?”

“నాలుక్కే. దాటితే లక్ష్ముడికి తాళాలిచ్చేస్తానన్నాడు. ఆడు పొద్దున్నుంచీ ఆయన కొట్టు ముందే తిరగతన్నాడంట.”

“లక్ష్ముడికి లైసెన్స్ వచ్చి ఏడాది కాలేదు నాన్నా. నాకు నాలుగేళ్లు.”

“లైసెన్సు సంగతి కాదే. ఆయన సైటు హోప్ టౌన్ కొండ మీదుంది. పొద్దున్నే పన్నెండు మంది పనోళ్లని ఎక్కించుకుని పైకెల్లాల, సాయంత్రం దింపాల. మధ్యలో తారుంది, గ్రావెలుంది, బురదుంది. బీచి దగ్గర్నించి సామాను తేవాల. ‘గవరయ్యా, ఆడపిల్లని డ్రైవర్‌గా పెట్టేనని ఊరంతా నవ్వినా నాకు ఫరవాలేదు. ఆ పన్నెండు మంది పానాలకి నువ్వు పూచీ అను, పెట్టుకుంటాను’ అన్నాడు.”

“అనెయ్యొచ్చు కదా. ఇంట్లో కూర్చుని ఒక్క ముక్క.”

“అనను. నా కళ్లతో సూడకుండా అనను. ఒకసారి అన్నాను, తొమ్మిదేళ్ల కిందట. ‘మా మణికుమారు నాకంటే బాగా తోలతాడు బాబూ’ అన్నాను. ఏటయింది?”

“అన్న సంగతి వద్దు.”

“నేనెత్తలేదు.”

“ఎత్తుతున్నావు.”

“ఎత్తకపోతే ఎలగే? ముప్పయ్యేళ్లు ఆయన బండి తోలేను, ఒక్క గీత పడనివ్వలేదు. నీ అన్న కొత్త జీపుని కాలవలో పడేసిన రోజు సాయంత్రమే నా తాళాలు కూడా తీసుకెల్లి ఆయన బల్ల మీద పెట్టీసి వచ్చీసేను. ‘నువ్వెందుకు మానడం గవరయ్యా’ అన్నాడాయన. సిగ్గేసింది. మాట పోయినోడికి బండెందుకు?”

“నాన్నా, గేటు తీశారు.”

“తీసేరు, ఇంకా సూస్తావేటి? ఎక్కించు. నెమ్మది. ఆ ఆటోకి తగిలిస్తావు. నెమ్మదే!”

“నెమ్మదిగానే పోతున్నాను. నువ్వు అరవకు, కంగారొస్తుంది.”

“నేనరుస్తున్నానా? కొండ మీద పన్నెండు మంది ఒకేసారి అరుస్తారు. అప్పుడేం చేస్తావు?”

*

“కిందకి దిగి గాలికి నిలబడదామా? ఫెర్రీ కదిలింది.”

“డ్రైవరు సీటు ఒగ్గి దిగడు. కూకో.”

“నాన్నా, ఒకటడగనా?”

“ర్యాంపు గురించి అడుగు. అవతల నీరు పాటు మీదుంది, బాగా దిగిపోయింది. బాంబూ ఫ్లాట్ ర్యాంపు నిలువుగా ఉంటాది, పాచి పట్టుంటాది. ఏం చేస్తావో చెప్పు.”

“ఫోర్ వీల్ వేస్తాను.”

“హైలోనా, లోలోనా?”

“లోలో.”

“ఎలగ?”

“బండి పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి, ఈ చిన్న రాడ్డు కిందకి లాగి. ఫస్ట్ గేర్.”

“కదలతన్న బండిని ‘లో’లోకి లాగితే?”

“పళ్లు ఊడతాయి.”

“ఎవరివి?”

“గేరువి. తర్వాత నావి, నువ్వు రాలగొడతావు.”

“నవ్వుకో, నవ్వుకో. ఎక్కేటప్పుడు రేజు చెయ్యకు. చక్రం తిరిగిందంటే పాచి మీద గిర్రున తిరగడమే, బండి కదల్దు. ఒక్కలాగ పోవాల, నడుమ ఆపకూడదు. ముందున్న బండి పూర్తిగా పైకెక్కీసేకే నువ్వు కదులు. అడగాలనుకున్నదేదో అడుగు.”

“ఏం లేదులే.”

“అడగవే.”

“అన్నతో ఎన్నాళ్లిలా? మిన్నీ బే ఎంత దూరం? జంగ్లీఘాట్ నుంచి ఆటో ఎక్కితే పావుగంట. వాడి పాప నిన్ను చూళ్లేదు నాన్నా. నాలుగో ఏడొచ్చింది.”

“ర్యాంపు వచ్చింది. ముందుకు సూడు.”

*

“ఆపు. రాడ్డు.”

“వేశాను. లో.”

“ఫస్టు గేరు. క్లచ్చి ఒగ్గు. పూర్తిగా ఒగ్గు! దాన్ని అదే లాక్కెల్తాది. కాలు పక్కకి తీసెయ్... అదీ. అదీ. సూసేవా? ముసల్ది ఎద్దులాగ ఎక్కుతంది.”

“జారుతోంది నాన్నా, ఎడం వైపు.”

“జారనీ. స్టీరింగు పట్టుకో, బిగబట్టకు. బొటనేలు లోపల పెట్టకు, చక్రం రాయెక్కితే స్టీరింగు తిరిగి వేలు విరగ్గొడతాది. అదీ. ఎక్కీసేవు! శెభాష్. పద.”

“ఉండు. పక్కకి తీస్తాను.”

“పక్కకెందుకే? వెనకాల లారీవోడు హారను కొడతన్నాడు.”

“కొట్టుకోనీ. దో మినిట్ భయ్యా! దో మినిట్!”

“ఏం చేస్తన్నావు?”

“రాడ్డు తీస్తున్నాను. ముందు తారు రోడ్డు.”

“తీసేవు కదా. టూ వీల్‌లోకి పడింది. పద.”

“ఉండు, చూస్తాను.”

“సూసేవు.”

“ఇంకోసారి.”

“ఎన్నిసార్లు సూస్తావే ఆ రాడ్డు? అది లేచిపోయి ఎక్కడికీ పోదు. లారీవోడు దిగొస్తన్నాడు.”

“ఇప్పుడు సరిగ్గా ఉంది. పద.”

“నువ్వు మూడుసార్లు సూసేవు.”

“చూస్తే తప్పా?”

“తప్పని ఎవరన్నారు? ఇక్కడ ప్రతి డ్రైవరూ చేసే తప్పు ఇదేనే. పాటు మీద ర్యాంపెక్కాల కాబట్టి ఫోర్ వీల్ వేస్తాడు. ఎక్కగానే వెనకాలోళ్లు హారన్లు కొడతారు, ముందున్న పోలీసు రమ్మని చెయ్యూపుతాడు, గాభరా పడిపోయి అలగే తారెక్కెస్తాడు. తిన్నగా పోయినంతసేపూ ఏం తెలీదు. ఒంపొచ్చిందా, అయిపోయింది. నీ అన్న చేసింది అదే.”

“ఒంపులో ఏమవుతుంది?”

“చెప్పేను కదా, చిన్నప్పుడే. ఒంపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాల, ఎనకవి తక్కువ. మట్టయితే చక్రం కాస్త జారి సర్దుకుంటాది. తారు జారనివ్వదు. ముందువీ ఎనకవీ ఒకదాన్నొకటి పట్టుకుని పెనుగులాడతాయి. స్టీరింగు బిగిసిపోయి...”

“చేతుల్లోంచి లాక్కుంటుంది. నువ్వు కుడికి తిప్పితే అది తిన్నగానే పోతుంది. ఎదురుగా ఎవరో నిలబడి చక్రాన్ని పట్టుకుని నెడుతున్నట్టు. బలమంతా పెట్టినా రాదు.”

“...నీకెలగ తెలుసు?”

“అన్న చెప్పాడు.”

“నీకు చెప్పేడా? నాకు ఒక్క ముక్క చెప్పలేదు. ఆసుపత్రిలో మంచం పక్కన గంటసేపు నిలబడి అడిగేను. ‘రాడ్డు తియ్యడం మర్చిపోయాను నాన్నా’ అన్నాడు. అంతే. నా కొడుకు! అన్నం తినడం మర్చిపోయినా రాడ్డు తియ్యడం మర్చిపోకూడదని ఆడికి పదేళ్లప్పుడు నేర్పేను.”

“నొప్పిలో ఉన్నాడు నాన్నా. ఏం చెప్తాడు?”

“ఏటి, ఇరవైలో పోతన్నావు? సైకిలోడు దాటుకుపోతన్నాడు.”

“కల్వర్టు వస్తోంది.”

“కల్వర్టొస్తే?”

“ఏం లేదు. నెమ్మదిగా వెళ్తాను. వేరే దారి లేదా హోప్ టౌన్‌కి?”

“సముద్రం మీంచి ఉంది, తోలతావా? భయపడకే. నువ్వూ ఆ బండిలోనే ఉన్నావు, నీకు ఆ రోజే గుర్తొస్తాది, నాకు తెలీదా? కానీ డ్రైవరన్నాక ఈ ఒంపు రోజుకి రెండుసార్లు తిరగాల.”

“తిరుగుతున్నాను.”

“అక్కడే. ఆ గట్టు దగ్గర. ఎడం పక్కకి ఒరిగిపోయి కాలవలో ఉంది బండి. నేనొచ్చేసరికి నువ్వు రోడ్డు మీద కూకున్నావు. మూడు రోజులు మాట్లాడలేదు నువ్వు. మీ నాయనమ్మ దేముడమ్మ, మరిడమ్మ తల్లికి కోడిని మొక్కింది, పిల్లకి నోరు రావాలని.”

“నాన్నా, ప్లీజ్. వేరే ఏదైనా మాట్లాడు. గ్రావెల్ ఎక్కడ మొదలవుతుంది?”

*

“ఇదిగో, తారయిపోయింది. ఏం చేస్తావు?”

“ఫోర్ హై. దీనికి ఆపక్కర్లేదు కదా?”

“నెమ్మదిగా, తిన్నగా పోతన్నప్పుడైతే ఆపక్కర్లేదు. ఒంపులో వెయ్యకు. ఆ, పడింది. ఇప్పుడు తేడా తెలస్తందా?”

“తోక ఊపడం మానేసింది.”

“అదీ! గుండు రాళ్ల మీద ఎనక చక్రాలు ఒక్కటే తోస్తే బండి తోకాడిస్తాది. నాలుగూ లాగితే కుదురుగా పోతాది. అలగని ఏభైలో పోకు. నాలుగు చక్రాలు బండిని ముందుకు లాగుతాయి గాని ఆపలేవు. ఫోర్ వీల్ వేసేనని ధైర్యం వచ్చినోడే ఎక్కువ పడతాడు.”

“బురద.”

“కనబడతంది. దిగకముందే ఆపు. బురదలోకెల్లేక గేర్ల కోసం వెతుక్కోకూడదు. దిగి సూసిరా.”

“ఏం చూడాలి?”

“ఎంత లోతో. కర్ర పెట్టి సూడు. వానపడి రెండ్రోజులయింది, పైన ఎండినట్టుంటాది, కింద పాయసం.”

“మోకాలి కిందకి వచ్చింది నాన్నా! కింద గట్టిగానే ఉంది!”

“అయితే ఎక్కు. లోలో సెకండు. ఒక్కసారి దిగేవంటే అవతలే ఆగాల. చక్రం ఖాళీగా తిరిగితే కాలు ఎత్తు, తొక్కకు. స్టీరింగు ఇటూ అటూ కొంచెం కొంచెం ఆడించు, అంచులు దొరకపుచ్చుకుంటాది.”

“టైమెంత?”

“టైము నేను సూసుకుంటాను, నువ్వు బురద సూడు! ఎల్లు. ఎల్లు. ఎల్లు... తొక్కకు! తొక్కకే!”

“ఎత్తాను, ఎత్తాను. పట్టుకుంది. వస్తోంది!”

“వస్తంది... వచ్చీసింది. ఓలమ్మ. నా చొక్కా సూడు.”

“నీ చొక్కా కాదు, నన్ను చూడు. ఎలా ఉంది?”

“ఫరవాలేదు.”

“ఫరవాలేదా? ఒక్కసారిలో దాటాను! లక్ష్ముడైతే ఈపాటికి ట్రాక్టర్ కోసం ఫోన్ చేసేవాడు.”

“గొప్పలు తరవాత. ముందు దిగుడుంది. దిగేటప్పుడు క్లచ్చి జోలికెల్లేవో, దిగి ఇంటికి నడిచిపోతాను. లో, ఫస్టు గేరు, బండిని ఇంజినే పట్టుకుంటాది. బ్రేకు గట్టిగా తొక్కితే చక్రాలు కట్టేసుకుని తడి మట్టి మీద జారుబల్లే. తెలిసిందా?”

“తెలిసింది. నాన్నా, నీ చెయ్యి నా సీటు మీంచి తియ్యవా? నా జుట్టు లాగుతున్నావు.”

“అలగా. సూసుకోలేదు.”

“నాకంటే నువ్వే ఎక్కువ కంగారు పడుతున్నావు.”

“పడనేటి? నీకు ఉద్యోగం గురించి కంగారు. ఆ మొబైల్ షాపులో పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడి అద్దాలు అతికించడం మానేద్దామని నీ ఆశ. నాకు ఆయనకి చెప్పే మాట గురించి కంగారు. రెండోసారి పోతే ఇంక నా మాట కుక్క కూడా వినదు.”

“పోదు.”

“అంత గట్టిగా చెప్పకు. నీ అన్నా అలగే చెప్పేడు.”

*

“ఇసక మీదకి దిగేముందు టైర్లలో గాలి తియ్యాల. ఇరవయ్యెనిమిదుంది, పదహారుకి దింపు. టైరు చపాతీలాగ పరుచుకుంటే ఇసక మీద తేలతాది. గాలి కొలిచే గేజీ తెచ్చేవా?”

“తెచ్చాను. సీటు కింద ఉంది. పంపు కూడా.”

“ఏ పంపు? ఇది కాలితో కొట్టే పెద్ద పంపు. కన్నారావుది కాదిది.”

“కాదు.”

“ఎక్కడిది?”

“షాపులో తీసుకున్నాను.”

“కొన్నావా?”

“అడిగి తెచ్చాను.”

“ఏ షాపు?”

“...టైర్ల షాపు.”

“పద్మినీ.”

“మిన్నీ బే. ఏం, తప్పా? వాడు టైర్లకి పంక్చర్లేసుకుని బతుకుతున్నాడు, వాడి దగ్గర పంపూ గేజీ ఉండకపోతే ఎవరి దగ్గర ఉంటుంది? నిన్న సాయంత్రం వెళ్లాను. వదిన సుచరిత అన్నం తినమంది, తిన్నాను. అన్న గేజీ చేతికిచ్చి ‘ఇసకలో బ్రేక్ వెయ్యకు’ అన్నాడు.”

“నేను పట్టుకోను దాన్ని.”

“నువ్వు పట్టుకోకు. నేనే పట్టుకుంటాను. నువ్వు దూరంగా నిలబడి అంకెలు చదువు.”

“ఆడు నీకు బండి గురించి చెప్పడమేటే? బండి మీద ధ్యాస లేని వెధవ! ఆడి మూలంగా...”

“నాన్నా! వాడి కాలు చూశావా? ఎప్పుడైనా చూశావా? వర్షం వస్తే మంచం మీంచి లేవలేడు. చాలదా? ఇంకేం కావాలి నీకు?”

“కాలుది కాదే నా బాధ. కాలు ఎవరికైనా విరుగుతాది. తప్పు చేసి, ఎలగ చేసేడో ఎందుకు చేసేడో చెప్పకుండా గోడకేసి తిరిగి పడుకున్నాడు. తండ్రినే నేను. నా మొహం సూసి ఒక్క ముక్క చెప్పాలని లేదా?”

“...పదహారు వచ్చింది. ఈ చక్రం అయింది. అటు పక్క చూడు.”

“ఏడుస్తున్నావేటి?”

“గాలి మొహం మీద కొట్టింది. ఇసక.”

*

“హై. సెకండు. ఊపు మీద పో, ఊపు పోగొట్టుకోకు. తిప్పాలంటే పెద్ద చుట్టు తిప్పు. ఆపాలంటే కాలు ఎత్తు, అదే ఆగుతాది.”

“చాలా మెత్తగా ఉంది నాన్నా, పడవలా పోతోంది.”

“ఆ కొబ్బరి దుంగ పక్కనుంచి... పద్మినీ, కుక్క!”

“అయ్యో!”

“బ్రేకెయ్యకే!”

“వేసేశాను.”

“వేసేసేవు. దిగిపోయింది. తొక్కకు! తొక్కితే ఇరుసు దాకా పాతుకుపోతాది. ఇంజినాపు.”

“కుక్క అడ్డొచ్చింది. ఏం చెయ్యమంటావు, కుక్క మీంచి పొమ్మంటావా?”

“నేనేమన్నాను? కుక్క బతికింది, మంచిదే. టైము మూడూ అయిదు.”

“అయిపోయింది. పోయింది ఉద్యోగం.”

“ఎవరన్నారు? ఇరుక్కోని డ్రైవరు ఇంట్లో కూకున్న డ్రైవరే. ఇరుక్కున్నాక ఏం చేస్తాడన్నదే లెక్క. చెప్పు, ఏం చేస్తావు?”

“చక్రాల ముందు ఇసక తవ్వుతాను. కొబ్బరి మట్టలు కింద వేస్తాను. అప్పుడు... వెనక్కి. వెనక మన చక్రాల జాడలు గట్టిపడి ఉన్నాయి కదా, వాటి మీంచే వెనక్కి వస్తాను.”

“ముందుకెందుకు కాదు?”

“ముందు ఇంకా మెత్తగా ఉంది. పంతానికి పోతే మునుగుతాను.”

“...తవ్వు. నేనూ తవ్వుతాను.”

“నువ్వు కూర్చో, నీ నడుము.”

“నా నడుముకేం? జరుగు.”

*

“బండి బయటపడింది గాని మూడూ నలభై అయిదు. ఫోను సూడు, సిగ్నలు లేదు. ఒక్క గీత లేదు.”

“బురద లేని ఈ పక్క దారిన పైకెళ్తే తారు రోడ్డు దగ్గర వస్తుంది.”

“అయితే పద, పద! ఎక్కు. ఆ పంపు ఒగ్గెయ్.”

“గాలి కొట్టాలి నాన్నా. రెండు టైర్లు ఇంకా పదహారులోనే ఉన్నాయి.”

“పైకెల్లేక కొడుదువు గాని. రోడ్డు ఎంత, అర కిలోమీటరు. బేగి!”

“పదహారు గాలితో తారెక్కితే ఒంపులో టైరు రిమ్ములోంచి ఊడి రావచ్చు. నువ్వే చెప్పావు.”

“చెప్పేను. ఇప్పుడు నేనే చెప్తన్నాను, పద. నెమ్మదిగా తోలు, ఏం కాదు. నాలుగు దాటితే ఆయన లక్ష్ముడికిచ్చేస్తాడే! నీ ఉద్యోగమే!”

“నా ఉద్యోగమే. నేను తోలను.”

“ఒలే!”

“నువ్వు అరువు, తిట్టు, ఏమైనా చెయ్యి. రెండు చక్రాలయ్యాయి, ఇంకో రెండు. పన్నెండు నిమిషాలు.”

“నీకేటయింది? పొద్దున్నుంచి టైమెంత టైమెంత అని నా పానాలు తీసేవు, తీరా టైము వచ్చేసరికి కూకుని గాలి కొడతావా?”

“నువ్వు గేజీ పట్టుకుంటే తొందరగా అవుతుంది.”

“...ఇలగియ్యి. ఇరవై ఒకటి. కొట్టు. ఇరవై నాలుగు.”

“ఇరవయ్యెనిమిది. అయింది. ఎక్కు. గ్రావెల్ అయ్యేదాకా హైలోనే వెళ్తాను.”

“మూడూ ఏభై ఎనిమిది.”

“తెలుసు. ఇదిగో తారు. ఆపుతున్నాను.”

“ఆపకే!”

“రాడ్డు. టూ. ... ఉంది. ... ఉంది. ... ఆ, ఉంది. పద.”

“మూడుసార్లు.”

“మూడుసార్లే. సిగ్నల్ వచ్చిందా?”

“వచ్చింది. పక్కకి తీసి ఆపు. ఇంజినాపు. స్పీకరు పెట్టు, నాకు అలగైతేనే వినబడతాది.”

*

“హలో, బాబూ, నేను గవరయ్యని.”

“నాలుగూ మూడయింది గవరయ్యా. లక్ష్ముడు నా ఎదురుగానే నిలబడున్నాడు. ఇంక మానేశావేమో అనుకున్నాను.”

“మానలేదు వీరన్న బాబూ. సిగ్నలు లేదు. ఆలీసం నా అమ్మాయి మూలంగానే అయింది, ఆ సంగతే మీకు చెప్పాల.”

“ఏం చేసింది?”

“బురద ఒక్కసారిలో దాటింది. ఇసకలో కుక్క కోసం బ్రేకేసి ఇరుక్కుంది, మళ్లీ తనే తెలివిగా తీసింది. అది కాదు బాబూ. నేను, ఇదిగో ఈ గవరయ్యగాణ్నే, టైము దాటిపోతందని ‘గాలి లేకపోయినా పరవాలేదు, పద’ అన్నాను. ముప్పయ్యేళ్ల డ్రైవర్ని, నాకే బుద్ధి తప్పింది. అది కదల్లేదు. నేను తిడతన్నా కూకుని గాలి కొట్టింది. తారెక్కే ముందు రాడ్డు ఒకసారి కాదు, మూడుసార్లు సూసుకుంటాది. ఎనకాల లారీవోడు బూతులు తిట్టినా సూసుకుంటాది. ఎవరు నేర్పేరో తెలీదు, నేను నేర్పలేదు. మీ పన్నెండు మందిని దాని చేతిలో పెట్టండి. నాది పూచీ.”

“నువ్వు అంత మాటన్నాక ఇంకేముంది? సరే. లక్ష్ముడూ, నువ్వెళ్లు నాయనా. గవరయ్యా, రేపు ఏడింటికి పంపించు. తాళాలు తన చేతికే ఇస్తాను.”

“విన్నావేటే? ఏడింటికి! బాబూ, ఈసారి నా మాట పోదు. ఇది మా మణిగాడిలాంటిది కాదు.”

“వాడి పేరెత్తకు. పోయిన నెల వచ్చాడు, నా బళ్ల టైర్ల పని తనకిమ్మని. కుంటుకుంటూ గేటు దాకా వచ్చాడు. లోపలికి రానివ్వలేదు. పని వచ్చు, కాదనను, కానీ ధ్యాస లేనివాడు ముట్టుకున్న చక్రం నా బండికొద్దు.”

“మంచి పని చేసేరు బాబూ.”

“మంచి పనా? నాన్నా, మంచి పనా?”

“ఉండవే, పెద్దోళ్లు మాట్లాడతన్నప్పుడు...”

“వీరన్న గారూ, నేను పద్మినినండి. ఫోన్ పెట్టెయ్యకండి.”

“చెప్పమ్మా. ఏడింటికి రా, అంతే.”

“అది కాదండి. అన్న గేటు దాకా వచ్చాడని నాకు చెప్పలేదు. నిన్న వాడింట్లో అన్నం తిన్నాను, అయినా చెప్పలేదు.”

“ఫోనిలగియ్యి. పద్మినీ, నీకేటయిందే? ఉద్యోగం వచ్చింది కదా!”

“చెయ్యి వదులు నాన్నా. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడండి మా అన్న, కాలవలో కాలు ఇరుక్కుపోయి ఉండి కూడా. ఆ ఒట్టు తీసి ఇవాళ గట్టు మీద పెడుతున్నాను. మీ జీపుని ర్యాంపు ఎక్కించింది అన్నేనండి. ఫోర్ వీల్ వేసిందీ తనే. పైకి వచ్చాక పక్కకి తీసి ఆపాడు. రాడ్డు నేను చూసుకుని తీస్తాననుకుని, తను తియ్యకుండానే దిగాడు.”

“దిగేడా? రాడ్డు తియ్యకుండా, నడిరోడ్డు మీద, డ్రైవరు ఎందుకు దిగేడే?”

“నాకు సీటివ్వడానికి నాన్నా. పదిహేడేళ్లదాన్ని, లైసెన్స్ లేదు, బతిమాలి అడిగాను. అక్కణ్నుంచి కల్వర్టు దాకా, రాడ్డు చూసుకోకుండా తోలింది నేను.”